లేవడమే గండం

ఆపరేషన్ అనగానే మనకు కత్తికన్నా మత్తు మీదే ఎక్కువ భయం. మళ్లీ కళ్లు తెరుస్తామా అన్నదే లోపలి దిగులు. థియేటర్లోంచి స్ట్రెచర్ బయటికొచ్చాక మనిషి రెప్ప కదిపితే చాలు, బెంచీ మీద కూర్చున్నవాళ్లంతా తేలిగ్గా ఊపిరి తీసుకుంటారు. గుర్రం విషయంలో సరిగ్గా అక్కడే ఊపిరి బిగబట్టాలి. కోత సవ్యంగా సాగుతుంది, విరిగిన ఎముకకు ప్లేటు పడుతుంది, నెత్తురు ఆగుతుంది, కుట్లు పూర్తవుతాయి. ఆ తర్వాత గుర్రం కళ్లు తెరుస్తుంది. గండం మొదలయ్యేది అప్పుడే.

1975 జూలై 6న న్యూయార్క్‌లోని బెల్మాంట్ పార్క్‌లో రెండే గుర్రాలకు పందెం పెట్టారు. ఒకటి ఆ ఏడాది కెంటకీ డెర్బీ గెలిచిన ఫూలిష్ ప్లెజర్. రెండోది రఫియన్ అనే ఆడగుర్రం. అంతకుముందు పరుగెత్తిన పది పందేల్లో ఒక్కటీ ఓడని గుర్రమది. ఆడది గెలుస్తుందా, మగది గెలుస్తుందా అని అమెరికా అంతా టీవీల ముందు కూర్చున్న రోజు. మొదటి పావు మైలు దాటి కాస్త ముందంజలో ఉండగానే రఫియన్ కుడి ముంగాలులో, గిట్ట పైన కీలు వెనక ఉండే చిన్న ఎముకలు రెండూ పగిలాయి. జాకీ జసింటో వాస్క్వెజ్ ఎంత లాగి పట్టినా విరిగిన కాలితోనే మరికొంత దూరం ఉరికింది. ఆ రాత్రి వైద్యులు శ్రమపడి కాలు సరిచేసి కట్టు వేశారు. చేయగలిగిందంతా చేశారు.

మత్తు దిగుతున్నప్పుడు, పక్కకు పడుకుని ఉన్న రఫియన్ కాళ్లు ఆడించడం మొదలుపెట్టింది. పందెం ఇంకా అవలేదన్నట్టు, పడుకునే పరుగెత్తింది. ఎందరు పట్టినా ఆగలేదు. బరువైన కొత్త కట్టు మోచేతికి పదేపదే తగిలి అక్కడి ఎముకా చితికింది, కట్టూ పాడైంది. ఇంకోసారి మత్తిచ్చి ఇంకోసారి లేపడమంటే ఇదే నరకం మళ్లీ చూపించడమని అందరికీ అర్థమైంది. 7వ తేదీ తెల్లవారకముందే నొప్పి తెలియకుండా దాని ప్రాణం తీశారు. బెల్మాంట్ మైదానం లోపలే పాతిపెట్టారు. రఫియన్‌ను పందెం చంపిందని చాలామంది రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆఖరి దెబ్బ మాత్రం మెలకువ కొట్టింది.

ఇది ఒక్క గుర్రం దురదృష్టం కాదు, ఆ జాతి శరీరమే అలాంటిది. గుర్రం పడుకునే జంతువు కాదు. కాళ్లలోని స్నాయువులూ కీళ్లూ బిగించుకుని నిలబడే కునుకు తీస్తుంది. ఒళ్లు మరిచే నిద్ర కోసం రోజులో కాసేపు మాత్రమే నేలకు వాలుతుంది, అదీ చుట్టుపక్కల భయం లేదని నమ్మకం కుదిరితేనే. అలాంటి ప్రాణిని, సుమారు అయిదు వందల కిలోల బరువుదాన్ని, గంటా రెండు గంటలు కదలకుండా పడుకోబెట్టాలి. పొట్ట కోయాల్సివస్తే వెల్లకిలా పడుకోబెట్టాలి. ఏ గుర్రమూ తనంతట తాను అలా ఉండదు.

చేసే తీరు చూస్తే మనసు ఒక్క క్షణం తడబడుతుంది. ముందు జైలజీన్ లాంటి మందు నరంలోకి ఎక్కిస్తారు. తల మెల్లగా వాలి ముక్కు మోకాళ్ల దాకా దిగుతుంది, కాళ్లు ఎడంగా పెట్టుకుని తూలుతుంది. అది పూర్తిగా మగతలోకి జారాకే కెటమిన్ ఇస్తారు. తొందరపడి ముందే ఇస్తే మత్తుకు బదులు ఉన్మాదం వస్తుంది, గదిలో మనుషులకే ప్రమాదం. మెత్తలు కట్టిన గోడ వారగా అది కూలబడ్డాక నాలుగు కాళ్లకూ పట్టీలు వేసి క్రేనుతో పైకెత్తుతారు. డెర్బీ గెలిచిన గుర్రమైనా అప్పుడు తలకిందులుగా వేలాడుతూనే బల్ల దగ్గరికి చేరుతుంది. నోట్లోంచి గొంతులోకి పెద్ద గొట్టం పెట్టి ఆక్సిజన్‌తో కలిపి ఐసోఫ్లురేన్ లాంటి మత్తు వాయువు పంపుతారు. గొట్టం పెట్టకముందు నోరు నీళ్లతో కడగాలి. నమిలి దాచుకున్న గడ్డి ముక్క ఊపిరితిత్తుల్లోకి పోతే మరో జబ్బు.

ఇక లోపల జరిగేది. గుర్రం పెద్దపేగుల్లో మేత, నీరు, గాలి కలిసి వంద లీటర్ల పైచిలుకు ఉంటుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఆ బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. గాలి చేరే భాగానికి నెత్తురు సరిగా రాదు, నెత్తురు చేరే భాగానికి గాలి అందదు. స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపుతున్నా నెత్తురులో అది పడిపోతూనే ఉండొచ్చు. ఇదే సమయంలో మత్తు వాయువు గుండె బలాన్ని తగ్గిస్తుంది, రక్తనాళాల్ని వదులు చేస్తుంది. రక్తపోటు సగటు 70 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవడం గుర్రాల మత్తు డాక్టర్ల మొదటి నియమం. తగ్గిందా, శరీరం బరువు కింద నలిగిన కండరాల్లోకి నెత్తురు వెళ్లదు. మొహం మీది ధమనిలో సన్నని గొట్టం పెట్టి ప్రతి క్షణం పోటు చూస్తూ, పడితే డోబుటమిన్ చుక్కలు వేసి నిలబెడతారు.

అయినా కండరాలు పాడవుతాయి. లేచే సమయానికి తొడో భుజమో గట్టిపడి, వాచి, బరువు మోయనంటుంది. కొన్నింటికి నరం నలిగి ముంగాలు కిందికి మడత పడుతుంది. తలకట్టు తీయడం మరిస్తే దాని బకిలు ఒత్తుకుని మొహం నరం చచ్చుబడి, లేచాక పెదవి ఒక పక్కకు వేలాడుతుంది. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, దానికి ముక్కే దారి. గంటలకొద్దీ తల పల్లంలో ఉంటే ముక్కు లోపల వాచి ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ముక్కులో ఒక గొట్టం ఉంచి లేపుతారు. ఇవన్నీ దాటినా, మందుల వల్ల పేగుల కదలిక మందగించి రెండు రోజుల తర్వాత శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి, రావచ్చు. ఇంత పెద్ద దేహం, ఇంత చిన్న కారణాలు.

మెలకువ సంగతికొస్తే, మెదడుకు ముందు తెలివి వస్తుంది, కాళ్లకు తర్వాత. గడ్డిమైదానాల్లో పుట్టిన జాతి అది. నేల మీద పడి ఉన్న గుర్రమంటే పులికో తోడేలుకో దొరికిన గుర్రమేనని వేల తరాల అనుభవం దాని ఒంట్లో రాసి ఉంది. కాబట్టి తెలివి వచ్చీరాగానే లేవాలనుకుంటుంది. కాళ్లు తడబడతాయి. పడుతుంది, ఇంకా భయపడుతుంది, ఇంకా గట్టిగా లేస్తుంది. సన్నని పొడుగాటి కాళ్ల మీద అయిదు వందల కిలోలు అడ్డదిడ్డంగా వాలితే ఎముక ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆపరేషన్ అయిన కాలే విరగాలని లేదు, బాగున్న కాలు కూడా విరుగుతుంది. గాయం సంగతి అటుంచి ఏ చిన్న పనికో మత్తు తీసుకున్న గుర్రం, ఆపరేషన్‌కు సంబంధంలేని కాలు విరిగి చచ్చిపోతే యజమానికి ఏం చెబుతారు? ఆ మాట చెప్పాల్సిన వైద్యుడి స్థితి ఊహించుకుంటే జాలి వేస్తుంది.

అందుకే ఆపరేషన్ ముగిశాక గుర్రాన్ని లేపడానికి కాదు, కాసేపు లేవకుండా ఉంచడానికి మరికొంచెం మందు ఇస్తారు. నేల నుంచి గోడల దాకా మెత్తలున్న గదిలో, వెలుతురు తగ్గించి, చప్పుడు లేకుండా వదిలేస్తారు. నాడాలు ముందే తీసేయడమో వాటి మీద పట్టీలు చుట్టడమో చేస్తారు. కొన్ని ఆసుపత్రుల్లో తలకూ తోకకూ తాళ్లు కట్టి, గోడకున్న కడియాల్లోంచి బయటికి లాగి, లేచే క్షణంలో ఇద్దరు మనుషులు ఆసరా ఇస్తారు. తాళ్లు మేలు చేస్తాయా, వాటంతట వాటిని వదిలేయడమే మేలా అని గుర్రాల డాక్టర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. మత్తు ఎక్కించడానికి పట్టే పది నిమిషాల గురించి లేనంత వాదన, దిగడానికి పట్టే గంట గురించి ఉంది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారి న్యూ బోల్టన్ సెంటర్ ఇంకో దారి పట్టింది. అక్కడ గోరువెచ్చని నీళ్ల కొలను ఉంది. మత్తులో ఉన్న గుర్రాన్ని కాళ్లు దూరే రబ్బరు తెప్పలో కూర్చోబెట్టి ఆ నీళ్లలోకి దింపుతారు. మెలకువ వచ్చి కాళ్లు ఎంత ఆడించినా తగిలేది నీళ్లే. పూర్తిగా తెలివి వచ్చాక పైకెత్తి గదికి చేరుస్తారు. 2006లో కెంటకీ డెర్బీ గెలిచి, రెండు వారాలకే మే 20న ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనకకాలు ముక్కలు చేసుకున్న బార్బరోను ఇక్కడికే తెచ్చారు. డీన్ రిచర్డ్‌సన్ అనే శస్త్రవైద్యుడు ప్లేటు పెట్టి 27 మరలు బిగించాడు. బార్బరో ఆ కొలనులోనే లేచాడు, ఏ ఎముకా విరగలేదు. ఆ గుర్రాన్ని తర్వాత తీసుకుపోయింది మత్తు కాదు, గిట్టల లోపలి పొరలు ఊడిపోయే లామినైటిస్. మరుసటి జనవరి 29న దాన్ని సాగనంపారు. ఎనిమిది నెలలు అయితే దక్కాయి. ఖరీదైన ఏర్పాటే. ఇలాంటి కొలను ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే ఉంది.

మనకు ఇదంతా ఎక్కడో దూరపు సంగతి అనిపించవచ్చు. కానీ గుర్రమూ మత్తుమందూ హైదరాబాద్‌లో ఒకసారి ప్రపంచమంతా తిరిగి చూసేలా కలుసుకున్నాయి. గుర్రప్పందేల్ని మౌలాలీ నుంచి మలక్‌పేటకు 1886లో తరలించిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖానే ఆ కథకూ డబ్బు పెట్టింది. అప్పట్లో క్లోరోఫారం ఇచ్చిన రోగులు బల్ల మీదే ఉన్నట్టుండి చనిపోయేవారు. గుండె ఆగడం వల్లనా, ఊపిరి ఆగడం వల్లనా అన్నది యూరప్‌ను చీల్చిన వాదం. హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీకి మాత్రం ఏ సందేహమూ లేదు. ఎడింబరోలో గురువు సైమ్ దగ్గర నేర్చింది ఒక్కటే, ఊపిరిని గమనించు, గుండె సంగతి అదే చూసుకుంటుంది. 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేసి తన మాటే నిజమన్నాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండన్నాడు. 1889లో సర్ థామస్ లాడర్ బ్రంటన్ ఓడ దిగి వచ్చాడు. ఈసారి 490 జంతువులు. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, వాటితోపాటు గుర్రాలూ. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలిగా చెప్పుకునే డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీకి ఈ ప్రయోగాల్లో చెయ్యి ఉంది. అది మనవాళ్లు ఇంకా గట్టిగా చెప్పుకోవాల్సిన పేరు.

గుండె మీద అనుమానంతో వచ్చిన బ్రంటన్ మనసు మార్చుకుని, క్లోరోఫారం నేరుగా గుండెకు ఏ హానీ చేయదని లండన్‌కు తంతి కొట్టాడు. తీర్పు అయిపోయింది. తప్పు తీర్పు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో చూపించింది ఏమిటంటే, క్లోరోఫారం తేలిగ్గా పట్టి ఉన్న సమయంలో ఒంట్లో అడ్రినలిన్ పొంగితే గుండె లయ తప్పి ఆగిపోతుందని. అంటే భయంతో పెనుగులాడే ప్రాణికే ముప్పు ఎక్కువ. ఊపిరిని కనిపెట్టి ఉండమన్న లారీ మాట నేటికీ మంచి మాటే. గుండెను వదిలేయమన్నదే చెరుపు చేసింది. మాకు అతని మీద కోపం లేదు. 490 ప్రాణుల్ని బలిపెట్టినా, ముందే నమ్మినదాన్ని రుజువు చేయడానికి దిగినవాడికి అదే కనబడిందన్న చిన్న విచారం మాత్రం ఉంది.

దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గ పని నూరేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో మొదలైంది. గుర్రాల వైద్యులు కొందరు 1990లలో ఒక లెక్క పుస్తకం తెరిచారు. ఎవరి ఆసుపత్రి పేరూ బయటికి రాదు, ఎవరినీ తప్పుపట్టరు. మీరు మత్తిచ్చిన ప్రతి గుర్రం ఏడు రోజుల తర్వాత బతికుందా, లేదా, అది చెప్పండి చాలు. 2002లో ప్రచురించిన ఫలితంలో 41,824 గుర్రాల లెక్క ఉంది. నూటికి 1.9 చనిపోయాయి. శూల ఆపరేషన్లు తీసేస్తే 0.9. అంటే శూల లేని గుర్రాల్లో కూడా నూటికి దాదాపు ఒకటి. కుక్కల్లో ఇదే లెక్క ఆరు వందలకు ఒకటి. మనుషుల్లో, ఆరోగ్యవంతుల్లో, మత్తు వల్ల పోయేవాళ్లు లక్షల్లో ఒకరో ఇద్దరో. పోయిన గుర్రాల్లో మూడో వంతుకు కారణం గుండె ఆగడం. నాలుగో వంతుకు కారణం లేచేటప్పుడు ఎముక విరగడం.

ఇంతకన్నా విలువైనవి ఆ లెక్క తిరగరాసిన నమ్మకాలు. ఎసిప్రొమజీన్ అనే మందు రక్తపోటును దించుతుందని చాలామంది భయపడేవారు. ముందుగా అది పడిన గుర్రాలే ఎక్కువ బతికాయని లెక్క చెప్పింది. పాత హాలోథేన్ వాయువు ప్రమాదం, కొత్త ఐసోఫ్లురేన్ సురక్షితం అనుకున్నారు. ఎనిమిది వేల పైచిలుకు గుర్రాల్ని రెండు జట్లుగా చేసి చూస్తే మొత్తం చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, గుండె ఆగి పోయినవి మాత్రం కొత్తదానితో తగ్గాయి. మత్తు ఎంత ఎక్కువసేపైతే అంత ముప్పని, రాత్రివేళ ఆపరేషన్లలో చావులు ఎక్కువని కూడా తేలింది. ఈ రెండూ అందరికీ తెలిసినట్టే ఉంటాయి, కానీ అంకెలు లేనప్పుడు ఏ ఆసుపత్రీ డ్యూటీ పట్టిక మార్చదు.

అదే లెక్కను 2020లో మరిన్ని దేశాల ఆసుపత్రులతో మళ్లీ మొదలుపెట్టారు. 2021లో వచ్చిన మొదటి విడతలో, నిలబెట్టి మగతమందు మాత్రమే ఇచ్చినవాటితో కలిపి 8,656 గుర్రాలు. పడుకోబెట్టి మత్తిచ్చిన వాటిలో చావులు నూటికి 1.0, శూల కాని వాటిలో 0.6. రెండు దశాబ్దాల్లో సగానికి దగ్గరగా తగ్గింది. ఒక్క అద్భుతమైన మందు వచ్చి తగ్గించింది కాదిది. రక్తపోటు చూడటం, నిడివి తగ్గించడం, లేచే ముందు మగతమందు ఇవ్వడం, ఇలాంటి పేరులేని పనులు పోగుపడి తగ్గించినది. చనిపోయిన గుర్రం గురించి నిజం రాసి పంపిన వైద్యులకు ఇందులో వాటా ఉంది. అది అంత తేలిక పని కాదు. తన చేతుల్లో పోయిన ప్రాణాన్ని కాగితం మీద పెట్టడం ఏ వృత్తిలోనైనా కష్టమే. పేరు బయటికి రాదన్న హామీ ఇచ్చినవారి తెలివిని మెచ్చుకోవాలి. శిక్ష భయం ఉన్నచోట అందరి రికార్డులూ శుభ్రంగానే ఉంటాయి.

గుర్రం మనకు పందేనికీ పెళ్లి ఊరేగింపుకూ పోలీసు గస్తీకీ మాత్రమే పనికొచ్చేది కాదు. వరిచేలో పాముకాటు తిన్న రైతుకు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు గుర్రం నెత్తురులోంచి వచ్చేదే. కొందరు రోగుల ఒంటికి ఆ మందు సరిపడక దద్దుర్లూ ఆయాసమూ వస్తాయి. గుర్రం ప్రోటీన్ మనకు పడకపోవడం అది. మన మందు దానికి పడకపోయిన కథ ఇది. ఆ లెక్కన కూడా మనం దానికి ఎంతో కొంత బాకీ ఉన్నాం.

ఇప్పుడు చాలా ఆసుపత్రులు నడుస్తున్న దారి ఇంకా సూటిది. వీలైతే అసలు పడుకోబెట్టకపోవడం. గుర్రాన్ని నిలబెట్టే ఉంచి, మగతమందుతో తల దించేలా చేసి, కోసే చోట మాత్రం తిమ్మిరి ఇంజెక్షన్ ఇస్తారు. పళ్లు, సైనస్, కడుపులో టెలిస్కోపుతో చేసే అండాశయం ఆపరేషన్, ఈమధ్య కాలి ఎముకల్లో కొన్ని రకాల పగుళ్లకు మరలు బిగించడం కూడా ఇలాగే చేస్తున్నారు. సర్జన్ నేల మీద కూర్చుని, అరటన్ను గుర్రం పక్కన, తల పైకెత్తి పనిచేస్తాడు. చూసేవాళ్లకు భయం వేస్తుంది. కానీ 2021 లెక్కలో ఈ పద్ధతి వల్ల చావులు వెయ్యికి రెండు. పడుకోబెట్టనిదాన్ని లేపాల్సిన పని లేదు.

శూలకు మాత్రం ఈ దారి లేదు. పేగు మెలిపడితే గుర్రాన్ని వెల్లకిలా పడుకోబెట్టక తప్పదు. అప్పటికే నెత్తురు చిక్కబడి, గుండె అలసి, పేగులో విషం ఊరుతూ ఉంటుంది. రాత్రి పదింటికి నేల మీద పొర్లడం మొదలుపెట్టిన గుర్రాన్ని అప్పుడే ఆసుపత్రికి పంపడానికీ, తెల్లారాక చూద్దామని లాయంలో కట్టేసి పంపడానికీ మధ్య తేడా మత్తు డాక్టరుకు మొదటి అయిదు నిమిషాల్లో మానిటర్ మీద కనబడుతుంది. పాత లెక్కలో శూల గుర్రాలు నూటికి ఎనిమిది దాకా పోయేవి. కొత్త లెక్కలో మూడున్నరకు వచ్చింది. అందులో కొంత వైద్యుల చలవ, మిగతాది రాత్రిపూటే బండి మాట్లాడిన యజమానులది.